ఎడమ మలుపులో నీలం పొగ

మా ఇంట్లో కాఫీ గ్లాసు అంచు దాకా పోస్తారు. అది మా ఆవిడ అభిమానం చూపించే పద్ధతి అని నాకు తెలుసు. కానీ అరవై దాటిన చేతికి అంచు దాకా నిండిన గ్లాసు అందించడం ఒక రకంగా ఆ చేతిని పరీక్షించడమే. మొదటి గుక్క చొక్కా తాగుతుంది. రెండోది గచ్చు తాగుతుంది. మూడోదాన్నుంచి నా వంతు మొదలవుతుంది. "వేలెడు తగ్గించి పొయ్యకూడదా?" అని ముప్ఫై ఏళ్లుగా అడుగుతున్నాను. "తగ్గిస్తే తక్కువ పోశానంటారు" అని ఆవిడ జవాబు. నేనెప్పుడూ అలా అనలేదు. అనే మనిషిలా కనిపిస్తానేమో.

ఈ ఫిర్యాదుకీ కింద రాయబోయేదానికీ సంబంధం లేదు. ఉందని ఎవరికైనా అనిపిస్తే నేను వాదించను.

ఇంజన్ల పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడ్డానికి విశాఖపట్నంలో మా ఇంటికి వస్తుంటారు. "మీ అనుభవాలు చెప్పండి సార్" అంటారు. వాళ్లు అడిగేది ఏ పదవిలోంచి ఏ పదవిలోకి వెళ్లానన్నది. ప్రమోషన్లు నాకూ వచ్చాయి. కొన్ని రావలసినదానికంటే ఆలస్యంగా, కొన్ని నా అర్హతకంటే ముందుగా. మొత్తం మీద లెక్క సరిపోయింది. వాటి గురించి రాయడానికి ఇంతకంటే ఏమీ లేదు.

రాయవలసింది ఒక కారు గురించి, ఒక ఫిట్టరు గురించి.

షెడ్డు

డెబ్బైలలో నేను భిలాయిలో డంపర్ల షెడ్డుకి ఇంజినీరుని. గనుల్లోంచి రాయి తోలే పెద్ద బళ్లు మా దగ్గరికి జబ్బుపడి వచ్చేవి. మేం నయం చేసి పంపేవాళ్లం. అవి మళ్లీ జబ్బుపడేవి. ఈ విధంగా ఇరవై ఏళ్లు ఎవరికీ ఖాళీ లేకుండా గడిచింది.

భిలాయిలో ఆంధ్రావాడు కనిపిస్తే అతని పేరు రావు. నా పేరు రావు కాదు. మొదటి రెండేళ్లు అందరికీ ఆ సంగతి వివరించాను. మూడో ఏడు నుంచి "రావ్ సాబ్" అంటే పలికేవాణ్ని. ఇక్కడికి వచ్చేశాక ఎవరూ అలా పిలవరు. నా అసలు పేరుతో పిలుస్తారు. ఎవర్నో అనుకుని ఒక్క క్షణం వెనక్కి చూస్తుంటాను.

పొద్దున్న సెక్టర్ 6 లోంచి సైకిలు మీద బయలుదేరితే రోడ్డు నిండా సైకిళ్లే. ఒక్కడు బ్రేకు వేస్తే వెనక నలభై మంది తిట్టేవారు, నాలుగు భాషల్లో. షెడ్డులోకి అడుగుపెట్టగానే డీజిలూ, కాలిన ఆయిలూ, తడి గోనెపట్టా కలిసిన ఒక వాసన. ఆ వాసన చొక్కాకి పట్టిందని మా ఆవిడ గొడవ చేసేది. ఇప్పుడు నా చొక్కాలన్నీ సబ్బు వాసనే. ఇది కూడా ఒక ఫిర్యాదే, కానీ దీన్ని ఎవరికి చెప్పుకోవాలో తెలియదు.

ఆ షెడ్డులో పిస్టన్ రింగులు బిగించేవాడు అప్పలస్వామి. శ్రీకాకుళం వైపు మనిషి. కొత్తగా వచ్చినవాళ్లకోసం చెప్తున్నాను: పిస్టనుకి చుట్టూ ఉండే ఈ ఉక్కు రింగులే కింద ఉన్న ఆయిల్ని పైకి పోనివ్వకుండా ఆపుతాయి. రింగు రెండు కొసల మధ్యా వెంట్రుక మందం సందు వదలాలి. ఎక్కువైతే ఇంజను ఆయిలు తాగి నీలం పొగ కక్కుతుంది. తక్కువైతే వేడికి బిగుసుకుని పట్టేస్తుంది. అప్పలస్వామి రింగుని సిలిండర్లో దించి, ఆ సందు మీద బొటనవేలి గోరు ఒకసారి గీసేవాడు. "సరే" అనేవాడు. తర్వాత సందు కొలిచే గేజి పెట్టి కూడా చూసేవాడు. ఎప్పుడూ సరే.

"గోరే చెప్తున్నప్పుడు మళ్లీ గేజి దేనికయ్యా?" అని ఒకసారి అడిగాను.

"గోరు నాకు సెప్తాది బాబూ. గేజి మీకు సెప్తాది" అన్నాడు.

నేను ఇంజినీరింగు కాలేజీలో నాలుగేళ్లు చదివాను. గేజి అసలు ఎందుకుందో అంత చక్కగా అక్కడ ఎవరూ చెప్పలేదు.

మధ్యాహ్నం అప్పలస్వామి డబ్బాలో అంబలి, సాహు డబ్బాలో బాసీ. సాహు అంటే మొదటి షిఫ్టు మేస్త్రీ, ఛత్తీస్‌గఢీ మనిషి. బాసీ అంటే వాళ్ల చద్దన్నం. "మాది గొప్ప, మాది చలవ" అని ఇద్దరూ రోజూ వాదించుకునేవారు. నన్ను తీర్పు చెప్పమనేవారు. నేను రెండూ తిని తీర్పు రేపటికి వాయిదా వేసేవాణ్ని. ఉద్యోగంలో నేను ఇచ్చిన మంచి తీర్పులు అవే.

గోడ మీద బోర్డు

నేను చేరిన కొత్తలో ఒక డంపరు ఇంజను నడుస్తూ నడుస్తూ పట్టేసింది. ఆయిలు లేదు. మొదటి షిఫ్టువాళ్లు రెండోవాళ్లు పోస్తారనుకున్నారు. రెండోవాళ్లు మొదటివాళ్లు పోశారనుకున్నారు. నాకు కోపం వచ్చి గోడ మీద హిందీలో ఒక బోర్డు రాయించాను: "తర్వాతి షిఫ్టుకి బండిని తక్కువ ఆయిలుతో అప్పగించరాదు."

బోర్డులు మామూలుగా ఎవరూ చదవరు. ఇది చదివారు. అంతేకాదు, దాన్ని ఒక మర్యాదగా మార్చేశారు. ప్రతి షిఫ్టువాడూ దిగిపోయే ముందు ప్రతి బండిలో ఓ అర లీటరు "అగ్లే భాయ్ కా" అని పోసేవాడు. అంటే, తర్వాత వచ్చే అన్న వాటా. ఆయిలు మట్టం చూసే పుల్ల, డిప్‌స్టిక్ మీద, ఆయిలు పై గీత దాటి ఉంటే, "పాపం, ముందు షిఫ్టువాళ్లు మంచివాళ్లు" అనేవారు. మా డంపర్లు ముసలివి. ఎంత పోసినా తాగేవి. అందుచేత ఈ మర్యాదవల్ల ఎవరికీ నష్టం కలగలేదు. ఆ తర్వాత ఒక్క ఇంజను కూడా ఆయిలు లేక పట్టెయ్యలేదు. ఆ బోర్డంటే నాకు చాలా గర్వంగా ఉండేది. ఎవరైనా షెడ్డు చూడ్డానికి వస్తే ముందు దాని దగ్గరికే తీసుకెళ్లేవాణ్ని.

ఎర్ర కారు

మా పైఅధికారి మజుందార్ సాహెబ్. కలకత్తా మనిషి. అధికారుల్లో నేను చూసినవాళ్లను రెండు రకాలుగా విడగొట్టవచ్చు: తమ తప్పు ఒప్పుకోనివాళ్లు, ఎదుటివాడి తప్పు మర్చిపోనివాళ్లు. మజుందార్ సాహెబ్ రెండు రకాలకీ చెందిన ప్రజ్ఞావంతుడు. అయినా ఆయనంటే నాకు ఇష్టమే. పని తెలిసినవాడు. పని చేసేవాడి పక్కన గంటలకొద్దీ నిలబడేవాడు.

ఆయన కలకత్తా నుంచి ఒక పాత ఇంగ్లీషు కారు తెప్పించాడు. ఎర్రది. రెండు సీట్లు, పైకప్పు లేదు, నేలకి జానెడు ఎత్తు. దానిలో కూర్చుంటే పక్కన వెళ్లే సైకిలువాడి చెప్పులు మన ముఖానికి ఎదురుగా ఉండేవి. చలికాలంలో అధికారుల క్లబ్బువాళ్లు ఊరవతల విమానాలు దిగే పాత పట్టీ మీద ఏడాదికోసారి మోటారు రోజు జరిపేవారు. ఖాళీ పీపాలు వరసగా పెట్టి దారి గీసి, కార్లు, మోటారు సైకిళ్లు తోలేవారు. ఒక్క నియమం గట్టిగా పాటించేవారు. ఏ బండైనా నీలం పొగ వదిలితే నల్లజెండా చూపించి దింపేసేవారు. పొగ వదిలే బండి ఆయిలు కూడా కారుస్తుంది. ఆయిలు మీద వెనక వచ్చే మోటారు సైకిలు జారితే మనిషి మిగలడు. మంచి నియమమే.

ఎర్ర కారు కలకత్తా నుంచి వచ్చేటప్పుడే పొగ కక్కుతూ వచ్చింది. "రావ్, ధువాఁ నహీఁ చాహియే. ఏక్ బూంద్ భీ నహీఁ" అన్నాడు మజుందార్ సాహెబ్. పొగ వద్దు, ఒక్క బొట్టు కూడా. పొగని బొట్లలో కొలిచే మనిషిని నేను ఆయన్నొక్కణ్నే చూశాను.

అప్పలస్వామికి చెప్పాను. అతను ఇంజను విప్పి, పాత రింగులు తీసి చూపించాడు. అరిగి బ్లేడుల్లా ఉన్నాయి. కొత్తవి వచ్చాక మూడు రోజులు ఆ నాలుగు సిలిండర్ల పక్కనే కూచున్నాడు. డంపరు రింగులు చేటంత ఉంటాయి. ఇవి గాజులంత. "ఏటే తల్లీ, ఇంత సన్నగున్నావు" అని ఇంజనుతో మాట్లాడుతూ బిగించాడు. నేను దగ్గరుండి ప్రతి రింగుకీ గేజి పెట్టి చూశాను. ఎనిమిదోదానికి వచ్చేసరికి నాకే సిగ్గేసింది. "చాల్లే" అన్నాను.

"అన్నీ సూడండి బాబూ. తర్వాత మాటుండకూడదు" అన్నాడు. చూశాను.

మోటారు రోజు

కారు రెండు రోజులు షెడ్డులో మా డంపర్ల మధ్య నిలబడింది. ఏనుగుల మధ్య కుందేలులా. అందరికీ దానిమీద ముచ్చట. వచ్చినవాడల్లా తుడిచేవాడు. ఆదివారం పొద్దున్న నేను డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిలు పై గీత దాటి బాగా పైన ఉంది. మా షెడ్డు కళ్లతో చూశాను కాబట్టి నాకు అది శుభశకునంలా కనిపించింది. నా వంతుగా నేనూ ఓ అర లీటరు పోశాను.

పట్టీ దగ్గర తిరునాళ్లలా ఉంది. అప్పలస్వామి ఇస్త్రీ చొక్కా వేసుకుని, భార్య నూకాలమ్మని వెంటబెట్టుకుని వచ్చాడు. చరోదా రైల్వే కాలనీలో ఉండే బావమరిది కుటుంబాన్నీ, సెక్టర్ 6 లోని మనవాళ్లు ఇరవై మందినీ కూడగట్టి ఒక లారీ మీద నిలబెట్టాడు. "ఆ ఎర్రది సూడండి. దాని లోపలున్నది నా పని" అని వేలెత్తి చూపిస్తున్నాడు. "లోపలుంటే మాకేటి కనపడతాది బావా?" అని బావమరిది నవ్వుతున్నాడు. "కనపడకపోతేనే బాగున్నట్టురా" అన్నాడు అప్పలస్వామి.

మజుందార్ సాహెబే తోలాడు. కళ్లకు అద్దాలు, మెడకు మఫ్లరు. పొడుగాటి దారి మీద కారు తేనెటీగలా వెళ్లింది. వెనక గాలి తప్ప ఏమీ లేదు. చివర పీపాల చుట్టూ ఎడమకి పెద్ద మలుపు. మలుపు తిరిగి బయటికి వచ్చేసరికి కారు వెనక నీలం పొగ, ఎవరో పొడుగాటి చీర విప్పి ఆరేసినట్టు. మళ్లీ తిన్నని దారిలో పొగ పోయింది. రెండో మలుపు కూడా ఎడమకే. మళ్లీ చీర. రెండో చుట్టులో నల్లజెండా ఊపారు.

కారు దిగి మఫ్లరు విప్పుతూ ఆయన అందరి ముందూ అడిగాడు: "రావ్! యే క్యా హై?"

ఇక్కడ కొత్తవాళ్లు కాస్త ఆగి ఆలోచించాలి. నేను ఆగలేదు. తిన్నని దారిలో లేని పొగ మలుపులోనే ఎందుకు వచ్చిందని ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే, "రేపు చూసి చెప్తాను సర్" అని ఉండేవాణ్ని. ఆ మాట అనడానికి ఇంజినీర్లకి చాలా ధైర్యం కావాలి. నాకు ఆ రోజు లేదు.

"రింగులు సరిగ్గా కూర్చోలేదు సర్" అన్నాను.

"కిస్‌నే లగాయా?" ఎవరు బిగించారు?

నేను పేరు చెప్పలేదు. లారీ వైపు చూశానంతే. పేరు చెప్పలేదన్న మాట తర్వాత చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను.

అప్పలస్వామి లారీ దిగి వచ్చాడు. "గేపు సరిగ్గానే ఉన్నాది బాబూ. మీరే సూసినారు కదా, గేజి పెట్టి" అన్నాడు. నాతోనే అన్నాడు, నావైపే చూసి. నేను కారు వైపు చూశాను. పరీక్షించవలసిన అవసరం ఉన్నట్టు బానెట్టు ఎత్తాను.

"ఇస్‌కా హాథ్ గయా. టైర్ సెక్షన్ భేజో" అన్నాడు మజుందార్ సాహెబ్. వీడి చెయ్యి పోయింది, టైర్ల పనికి పంపు. ఆయనకి అది ఒక్క నిమిషం కోపం. కానీ ఆయన కోపంలో అన్నదాన్ని కూడా మర్నాడు అమలు చేసే మనిషి.

అప్పలస్వామి జేబులోంచి గుడ్డ తీసి చేతులు తుడుచుకున్నాడు. చేతులు శుభ్రంగానే ఉన్నాయి. లారీ మీద బావమరిది నవ్వడం మానేశాడు. నూకాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాళ్లు సైకిళ్ల మీద వెళ్లిపోవడం నేను బానెట్టు కింద నుంచి చూశాను. బానెట్టు చాలా ఉపయోగకరమైన వస్తువు.

ట్రే పొంగింది

కారుని షెడ్డుకి తోలే పని నాకు పడింది. దారంతా వెనక్కి చూస్తూ వచ్చాను. పొగ లేదు. సెక్టర్ 6 దగ్గర రోడ్ల కూడలిలో గుండ్రటి దిమ్మె, గోల్ చక్కర్ అంటారు, దాని చుట్టూ గట్టిగా ఒకసారి తిప్పాను. లేదు. మూడుసార్లు తిప్పాను. నడిచి వెళ్తున్న ఒకాయన ఆగి, "భయ్యా, రాస్తా భూల్ గయే క్యా?" అని అడిగాడు. దారి మర్చిపోయారా అని. అవునన్నాను.

రింగుల్లో లోపముంటే ఎక్కడైనా పొగ రావాలి. మలుపులు తిరిగితేనే వస్తుందనుకుంటే గోల్ చక్కర్లో రావాలి. రాలేదు. నాకు నిద్ర పట్టలేదని రాయడం బాగుంటుంది కానీ, పట్టింది. పట్టకపోయింది వారం తర్వాత.

మరుసటి ఆదివారం ఒక్కణ్నే షెడ్డుకి వెళ్లి, వారంగా గుడ్డ కప్పి ఎవర్నీ ముట్టుకోనివ్వని ఆ కారు ఇంజను విప్పడానికి ఆయిలు దింపాను. ఆ ఇంజను అడుగు తొట్టిలో పట్టేది నాలుగు లీటర్లు. కింద పెట్టిన ట్రేలో పట్టేది అయిదు. ట్రే నిండి పొంగి నా చెప్పుల్లోకి వచ్చింది. ఇంకా కారుతూనే ఉంది. చెప్పుల్లో ఆయిలుతో కాసేపు అలాగే నిలబడ్డాను. ఎదురుగా గోడ మీద నా బోర్డు.

రెండు రోజులు షెడ్డులో ఉన్నప్పుడు షిఫ్టులవాళ్లు తలా ఓ చెయ్యి వేశారు. సాహుని తర్వాత మాటల్లో పెట్టి అడిగాను. "పొయ్యకుండా ఎలా సాబ్? పెద్దసాహెబ్ బండి. ఇంకాస్త ఎక్కువే పోశాను" అన్నాడు సంతోషంగా. ఆఖర్న నేను పోసింది కూడా కలుపుకోవాలి.

అప్పుడు మొత్తం అర్థమైంది. ఆయిలు అంత ఎత్తున ఉంటే లోపల తిరిగే ఇరుసు దాన్ని మజ్జిగలా చిలికి నురుగు చేస్తుంది. ఇంజను ఊపిరి వదిలే గొట్టం, మేం బ్రీదర్ అంటాం, ఈ కారులో కుడి పక్కన ఉంది. వేగంగా ఎడమకి తిరిగితే లోపలి ఆయిలంతా కుడివైపుకి ఎగదన్నుతుంది. నురుగు ఆ గొట్టంలోకి ఎక్కి, గాలితోపాటు నేరుగా సిలిండర్లలోకి పోయి, కాలి, నీలం పొగవుతుంది. పట్టీ మీద మలుపులన్నీ ఎడమకి. మన గోల్ చక్కర్ తిరిగేది ఎప్పుడూ కుడికి. ఆయిలు ఎడమవైపుకి పోతుంది, అక్కడ గొట్టం లేదు. నేను మూడుసార్లు కాదు, ముప్ఫై సార్లు తిప్పినా పొగ రాదు.

ఇంజను విప్పాను. రింగులన్నీ అప్పలస్వామి పెట్టినట్టే ఉన్నాయి. బొటనవేలి గోరు గీసి చూశాను. నా గోరుకి ఏమీ తెలియలేదు. గేజి పెట్టాను. అన్నీ సరే.

సోమవారం మజుందార్ సాహెబ్ గదికి వెళ్లాను. "సర్, లోపం బ్రీదర్లో ఉంది. ఆయిలు దాన్లోంచి ఎక్కుతోంది" అన్నాను. ఇది నిజమే. "అచ్ఛా, డిజైన్‌లో లోపమన్నమాట" అన్నాడాయన ఉత్సాహంగా. నేను తలూపాను. ఇది నిజం కాదు. "రింగులు బాగానే ఉన్నాయి సర్, ఆయిలు మేమే ఎక్కువ పోశాం" అన్న వాక్యం నోటి దాకా వచ్చింది. ఫోను మోగింది. ఆయన చాలాసేపు మాట్లాడాడు. పెట్టేశాక, "ఔర్ కుఛ్?" అన్నాడు, ఇంకేమైనా ఉందా అని.

"నహీఁ సర్" అన్నాను.

నా ఉద్యోగం మొత్తంలో నేను చేసిన పెద్ద తప్పు పొడవు రెండు మాటలు.

పొగ గురించి సూటిగా

ఇది కొత్తవాళ్లకోసం. ఇంజను నీలం పొగ కక్కితే అది ఎప్పుడు కక్కుతోందో ముందు చూడండి. పొద్దున్న స్టార్టు చేసిన మొదటి నిమిషంలోనే అయితే వాల్వు సీళ్లు చూడండి. ఆక్సిలరేటరు మీంచి కాలు ఎత్తి, బండిని చాలా దూరం జారనిచ్చి మళ్లీ తొక్కినప్పుడైతే వాల్వు గైడ్లు. బరువు మీద లాగుతున్నంతసేపూ అయితే రింగులు. మలుపులో మాత్రమే అయితే రింగుల జోలికి పోకండి. బ్రీదరూ, ఆయిలు మట్టమూ చూడండి. మట్టం చూసేటప్పుడు బండి చదునైన నేల మీద ఉండాలి, ఆపి పది నిమిషాలు కావాలి. పై గీత అంటే హద్దు. దాటితే ఎవరి వాటా అయినా తప్పే.

పట్టీ మీద తోలే కారుకి ఇంకో రెండు పనులు చెయ్యాలి. అడుగు తొట్టిలో ఆయిలు అటూ ఇటూ ఎగదన్నకుండా అడ్డరేకులు వెయ్యాలి. బ్రీదర్ గొట్టాన్ని వెడల్పు చేసి, ఎత్తుగా తీసుకెళ్లి, నేరుగా ఇంజన్లోకి కాకుండా మధ్యలో ఒక డబ్బాలోకి పెట్టాలి. ఎక్కి వచ్చిన ఆయిలు డబ్బాలో ఆగుతుంది, ఆవిరి మాత్రం పైకి పోతుంది. నేను పాలపొడి డబ్బాలో ఉక్కు పీచు కూరి చేశాను. అది పనిచేసింది.

ఇంకొకటి. కంప్రెషన్ గేజి అని ఒకటుంటుంది. రింగులు బాగున్నాయో లేదో ఇంజను విప్పకుండానే చెప్తుంది. నాలుగు సిలిండర్లకి ఇరవై నిమిషాల పని. మా షెడ్డులో అది గోడ మేకుకి వేలాడుతుండేది, నా బోర్డుకి సరిగ్గా కింద. ఆ రోజు మనిషిని పంపి తెప్పించడానికి గంట చాలు. ఇంజను మీద చివర చెయ్యి పెట్టినవాడి మీదికే అందరి చూపూ పోతుంది. అది ఇంజినీరింగు కాదు. గేజి తెప్పించేలోగా నోరు మూసుకోవడం ఇంజినీరింగు.

టైర్ల మూల

తర్వాతి చలికాలం ఎర్ర కారు పాలపొడి డబ్బాతో, గీత మీద ఆయిలుతో, ఒక్క బొట్టు పొగ లేకుండా అన్ని చుట్లూ తిరిగింది. మజుందార్ సాహెబ్ నా భుజం తట్టి, "రావ్ కా దిమాగ్!" అని, ఇదంతా రావు బుర్రేనని, అందరికీ చెప్పాడు. చప్పట్లు కొట్టారు. ఆ రోజు కారు చక్రాలు బిగించి గాలి పట్టింది అప్పలస్వామి. నాలుగూ సరిగ్గా ఉన్నాయి. అతను పట్టీ దగ్గరికి రాలేదు. ఆ తర్వాత ఏ ఏడూ రాలేదు.

బోర్డు మీద కింద ఇంకో వాక్యం రాయించాను: "పై గీత దాటరాదు." ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ఎవరూ పాటించలేదు.

టైర్ల మూల నా గదికి వెళ్లే దారిలోనే ఉండేది. రోజూ "నమస్తే బాబూ" అనేవాడు. గొంతులో తేడా ఏమీ లేదు. అది ఉంటే నాకు సులువుగా ఉండేది. కానీ మధ్యాహ్నం అంబలి డబ్బా పట్టుకుని మా బల్ల దగ్గరికి రావడం మానేశాడు. సాహు కొన్నాళ్లు ఒక్కడే బాసీ గొప్పదని వాదించి, ఎదురు చెప్పేవాడు లేక, అదీ మానేశాడు.

రింగుల పని కొత్తవాళ్లు చేశారు. నేను గేజి పెట్టి చూసేవాణ్ని. గేజి సరేననేది. డంపర్లు ఒప్పుకునేవి కావు. ఒకసారి ఒక ఇంజను మూడుసార్లు విప్పి బిగించినా లొంగకపోతే, టైర్ల మూలకి వెళ్లి నిలబడ్డాను.

"అప్పలస్వామీ, ఒకసారి వచ్చి చూస్తావా?"

టైరు మీదనుంచి తల ఎత్తి నవ్వాడు. "నా సెయ్యి పోనాది కదా బాబూ."

మాట తేలిగ్గానే అన్నాడు. నేను వెనక్కి వచ్చేశాను. చెప్పెయ్యడానికి అంతకంటే మంచి సమయం ఉండదని, వచ్చి కుర్చీలో కూచున్నాక తోచింది. నాకు మంచి ఆలోచనలన్నీ కుర్చీలో కూచున్నాకే వచ్చేవి.

మజుందార్ సాహెబ్ ఎర్ర కారుతో సహా కలకత్తా వెళ్లిపోయాడు. ఏళ్లు గడిచాయి. అప్పలస్వామి టైర్ల మూలనుంచే రిటైరయ్యాడు. ఆ రోజు దండ వేసింది నేనే. నాలుగు మాటలు మాట్లాడమన్నారు. అతని హాజరు గురించి మాట్లాడాను.

చరోదా

ఎనభైల చివర నేనూ దిగిపోయాను. సామాన్లు కట్టేశాం. విశాఖపట్నం రైలుకి రెండు రోజులుంది. సాయంత్రం సైకిలు తీసుకుని చరోదా వెళ్లాను. అప్పలస్వామి అక్కడ అల్లుడి రైల్వే క్వార్టర్లో ఉంటున్నాడు. పక్కనే యార్డు. వ్యాగన్లు ఒకదానికొకటి తగిలే చప్పుడు ఆగకుండా వినిపిస్తుంటుంది.

అతను వరండాలో పీట మీద కూచుని కిరసనాయిలు స్టవ్వు బాగుచేస్తున్నాడు. సన్నటి పిన్నుతో బర్నరు రంధ్రం పొడుస్తున్నాడు. నన్ను చూసి లేచాడు. నూకాలమ్మ కుర్చీ వేసింది. "ఏటి బాబూ, ఎల్లిపోతన్నారంట" అంది. చీకటి పడకముందే చెప్పెయ్యాలని నేను దారి పొడుగునా తయారుచేసుకున్నది చెప్పడం మొదలుపెట్టాను.

మొత్తం చెప్పాను. బోర్డు గురించి, అగ్లే భాయ్ వాటా గురించి, నేను పోసిన అర లీటరు గురించి. ఎడమ మలుపు, కుడి మలుపు చేత్తో తిప్పి చూపించాను. ట్రే పొంగింది చెప్పాను. రింగులు చూశాననీ, అన్నీ సరిగ్గా ఉన్నాయనీ చెప్పాను. మజుందార్ సాహెబ్ గదిలో ఫోను మోగడం కూడా చెప్పాను. ఇంతకుముందు ఎవరికీ చెప్పలేదన్నాను. అది గొప్పగా చెప్పుకోవలసిన విషయంలా వినిపించింది.

నేను చెప్తున్నంతసేపూ అప్పలస్వామి పిన్ను ఆపలేదు. చెప్పడం అయ్యాక బర్నరు బిగించి, బొటనవేలి గోరుతో అంచు ఒకసారి తడిమి, పంపు కొట్టి అగ్గిపుల్ల గీశాడు. నీలం మంట గుండ్రంగా లేచింది. పొగ లేదు.

నూకాలమ్మ దాని మీదే టీ కాచి గ్లాసులో తెచ్చి ఇచ్చింది. వేలెడు తక్కువగా పోసింది. ఒక్క చుక్క కూడా ఒలకలేదు.

యార్డులో ఏదో బండి కూత వేసింది. అది అయ్యేదాకా అప్పలస్వామి ఆగాడు. తర్వాత పిన్నుని చొక్కా కాలరుకి గుచ్చుకుంటూ అన్నాడు:

"ఇదంతా నాకెందుకు సెప్తన్నారు బాబూ? నాను సరిగ్గానే బిగించినానని నాకు ఆ రోజే తెల్సు. తెలీనోళ్లకి సెప్పండి."